నల్ల స్విఫ్ట్ పెయింట్ డైరీ: రుద్దేది తక్కువ, కాపాడుకునేది ఎక్కువ

నవంబరు చివరి వారం: బండి పరిస్థితి

2015 మోడల్ స్విఫ్ట్, నలుపు రంగు. హైదరాబాద్ ఎండలో, దుమ్ములో తిరిగిన బండి. ఇంజన్‌కు ఢోకా లేదు, ఏసీ బ్రహ్మాండంగా పనిచేస్తోంది, ఇంకో నాలుగైదేళ్ల దాకా అమ్మే ఆలోచన లేదు. పాడైంది పెయింట్ ఒక్కటే. సెల్లార్‌లో ట్యూబ్‌లైట్ కింద చూస్తే బానే ఉన్నట్టుంటుంది. ఎండలోకి తీశామా, బోనెట్ మీద సూర్యుడి చుట్టూ గుండ్రంగా తిరిగే సన్నటి గీతలు. రూఫ్ మీద, డిక్కీ మీద తెల్లటి నీటి మరకలు. ఎడమవైపు వెనక డోర్ మెరుపు మిగతా బండితో కలవదు. అది గతంలో ఒకసారి షెడ్డులో పెయింట్ వేయించిన డోర్.

ఈ గుండ్రటి గీతల గురించి ముందే ఒక మాట. అవి నిజానికి గుండ్రంగా ఉండవు. ఇంట్లో రోజూ వాడే స్టీలు కంచాన్ని బల్బు కింద పెట్టి చూడండి. బల్బు ప్రతిబింబం పడిన చోట చుట్టూ వలయాలు కనిపిస్తాయి. కంచాన్ని పక్కకు జరిపితే ఆ వలయాలు కూడా బల్బు ప్రతిబింబంతో పాటే జరుగుతాయి. అంటే గీతలు అన్ని దిక్కుల్లోనూ ఉన్నాయి, వెలుగుకు అడ్డంగా పడినవి మాత్రమే కంటికి తగులుతున్నాయి. కారు పెయింట్ మీదా ఇదే జరుగుతుంది. అందుకే "గుండ్రంగా తుడిచారు కాబట్టి ఇలా అయింది, నిలువుగా తుడిస్తే గీతలు పడవు" అనే మాటను నేను నమ్మను. గుడ్డలో ఇసుక రేణువు ఉంటే ఎటు తుడిచినా గీత పడుతుంది.

ఆ ఇసుక ఎక్కణ్నుంచి వస్తుందో చెప్పక్కర్లేదు. హైదరాబాద్ కూర్చున్నదే గ్రానైటు మీద. ఏ వీధిలో చూసినా ఒక బిల్డింగ్ లేస్తూ ఉంటుంది. గ్రానైటు పొడిలో క్వార్ట్జ్ ఉంటుంది, అది కత్తి ఉక్కు కంటే గట్టిది. ఆ పొడి బండి మీద పేరుకుంటుంది. పొద్దున్నే ఒక బకెట్ నీళ్లు, ఒకే గుడ్డ, అదే నీళ్లతో అపార్ట్‌మెంట్‌లోని బళ్లన్నీ తుడవడం. ఇందులో తుడిచేవాళ్ల తప్పేమీ లేదు. అంత తక్కువ డబ్బుకు అన్ని బళ్లు చూడమంటే ఇంకెలా తుడుస్తారు?

బండికి నేనే పాలిష్ పట్టే ఈ పనిలో నా లక్ష్యం ఒక్కటే: పై పొరను తీయాల్సినంత మాత్రమే తీసి, మిగిలిన పెయింట్‌ను ఇంకో నాలుగైదేళ్లు నిలబెట్టడం. షోరూమ్ మెరుపు వస్తే సంతోషమే, దాని కోసం పెయింట్‌ను పణంగా పెట్టను.

డిసెంబరు మొదటి వారం: మందం కొలవడం

కంపెనీలో వేసిన పెయింట్ ఒకే పొర కాదు. రేకు మీద తుప్పు పట్టకుండా ముంచి తీసే పూత, దాని మీద ప్రైమర్, ఆ పైన రంగు, అన్నిటికంటే పైన రంగు లేని క్లియర్ కోట్. అన్నీ కలిపి చాలా కార్లకు 100 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కాస్త అటూ ఇటూ ఉంటుంది. తల వెంట్రుక మందం కూడా ఇంచుమించు అంతే. మనం పాలిష్ పట్టగలిగేది పైనున్న క్లియర్ కోట్ ఒక్కదాన్నే, అది ఉండేది 35 నుంచి 50 మైక్రాన్లు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపే రసాయనాలు ఉండేదీ అందులోనే. దాన్ని పల్చన చేస్తే ఇవాళ అద్దంలా మెరుస్తుంది, కొన్నాళ్లకు పాలిపోయి, పొట్టులా లేస్తుంది. రోడ్ల మీద రూఫ్ తెల్లగా పొరలు లేచిన కార్లు కనిపిస్తూనే ఉంటాయి కదా, అదే ఇది.

అందుకని పాలిష్ మెషీన్ కంటే ముందు మందం కొలిచే గేజ్ సంపాదించాను. రేకు మీద ఆనిస్తే మైక్రాన్లలో అంకె చూపిస్తుంది. ప్లాస్టిక్ బంపర్ల మీద పనిచేయదు, కింద లోహం ఉండాలి.

రూఫ్ 108 నుంచి 115. బోనెట్ 98 నుంచి 106. కుడివైపు డోర్లు 100 చుట్టుపక్కల. ఎడమ వెనక డోర్ దగ్గరికి రాగానే అంకె 260కి ఎగిరింది, హ్యాండిల్ కింద ఒకచోట 600 దాటింది. అక్కడ లోపల పుట్టీ ఉంది. డోర్ మొత్తం మళ్లీ పెయింట్ అయిందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. పాత కారు కొనేవాళ్లు ఈ గేజ్ ఒకటి వెంట తీసుకెళ్తే మంచిది, అమ్మేవాళ్లు చెప్పనివన్నీ అది చెబుతుంది.

ఒక సంగతి మరవకూడదు. ఈ గేజ్ చూపించేది మొత్తం మందం. అందులో క్లియర్ కోట్ వాటా ఎంతో విడిగా చెప్పదు. 260 ఉన్న డోర్ మీద క్లియర్ ఎక్కువ ఉందనుకోవడానికి లేదు, కింద పాత పెయింట్, పుట్టీ అన్నీ లెక్కలోకి వస్తాయి.

ఆ డోర్ చూపించడానికి మా ఏరియాలోని డెంటింగ్-పెయింటింగ్ షెడ్డుకు వెళ్లాను. అక్కడి పెద్దాయన గోటితో అంచు తడిమి చూసి, "రుద్దితే మెరుస్తది సార్. గానీ రుద్దినంత పెయింటే పోతది. అంచుల కాడ జర పైలం," అన్నాడు. అంచుల దగ్గర పెయింట్ పల్చగా ఉంటుంది, పైగా మెషీన్ ఒత్తిడంతా అక్కడే పడుతుంది. ఆయన మాట మీద అంచులన్నిటికీ మాస్కింగ్ టేపు వేయాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.

డిసెంబరు రెండో శనివారం: కడగడం, గరుకు తీయడం

పాలిష్ కంటే ఈ భాగానికే ఎక్కువ ఓపిక కావాలి. మురికి మీద మెషీన్ పెడితే ఆ మురికే సాన పెట్టేస్తుంది.

ముందు చెట్లకు మందు కొట్టే చేతి పంపు స్ప్రేయర్‌లో షాంపూ కలిపి బండంతా నురగ కొట్టి కాసేపు వదిలాను. దుమ్ములో సగం దానంతటదే జారిపోతుంది. ముట్టుకోకుండా పోయేది ఎంత పోతే అంత లాభం. తర్వాత రెండు బకెట్లు, ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో మామూలు నీళ్లు. మైక్రోఫైబర్ గ్లోవ్‌తో ఒక ప్యానెల్ తుడవగానే మామూలు నీళ్లలో జాడించి, ఆ తర్వాతే షాంపూలో ముంచడం. పైనుంచి కిందకు. డోర్ల కింది భాగానికి, చక్రాలకు వేరే గ్లోవ్.

తర్వాత ఐరన్ రిమూవర్, అంటే ఇనుప రజనును కరిగించే మందు. బ్రేకులు వేసినప్పుడల్లా సన్నటి ఇనుప రజను లేస్తుంది, వేడి మీద పెయింట్‌కు అతుక్కుని అక్కడే తుప్పు పడుతుంది. మా ఆఫీసు పార్కింగ్ రైలు పట్టాల పక్కనే కాబట్టి అది ఇంకొంచెం ఎక్కువ. మందు కొట్టిన కాసేపటికి వెనక బంపర్ మీద, డిక్కీ మీద ఊదారంగు చుక్కలు మొదలై, కన్నీళ్లలా కిందికి కారాయి. వాసన మాత్రం కుళ్లిన గుడ్లదే, సెల్లార్‌లో కాకుండా బయట కొట్టడం మేలు. మందు ఎండనివ్వకుండా కడిగేయాలి.

ఆ తర్వాత చేతికి పల్చటి పాలిథిన్ కవర్ తొడుక్కుని బోనెట్ మీద నిమిరి చూశాను. ఒట్టి చేతికి నున్నగా అనిపించిన చోట కూడా కవర్ వేసుకుంటే గరుకు తెలుస్తుంది. అప్పుడు క్లే బార్, అంటే పెయింట్‌కు అతుక్కున్న గరుకును లాగేసే మట్టి లాంటి ముద్ద, మెత్తటి రకం, షాంపూ నీళ్లు ధారాళంగా చల్లుతూ. రూఫ్ మీద పెట్టిన ముద్ద ఇటు వచ్చేసరికి గోధుమ రంగుకు తిరిగింది. మడిచి శుభ్రమైన వైపు వాడుకోవాలి. నేల మీద పడితే మాత్రం ఇక ఆ ముక్కను బండికి తాకించొద్దు, చెత్తబుట్టలో వేయడమే.

నీటి మరకలు

దీన్ని విడిగా రాస్తున్నాను, ఎందుకంటే బోరు నీళ్లున్న ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఈ బాధ ఉంది.

నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్‌తో చూస్తే మా బోరు నీళ్లు లీటరుకు 940 మిల్లీగ్రాములు, కుళాయిలో వచ్చే మంజీరా నీళ్లు 210. తాగునీటికి మన దేశ ప్రమాణం మామూలుగా కోరేది 500 లోపు. బోరు నీళ్లతో కడిగి తుడవకుండా వదిలేస్తే నీళ్లు ఆవిరై కాల్షియం, మెగ్నీషియం లవణాలు చుక్క ఆకారంలోనే మిగులుతాయి. ఎండలో కాలిన బోనెట్ మీదయితే ఇంకా గట్టిగా పడతాయి. కొత్తలో ఉన్న మరక పైపైనే ఉంటుంది. నెలల తరబడి ఉంటే క్లియర్ కోట్‌ను కొరికి చిన్న గుంట చేస్తుంది.

తెల్ల వెనిగర్‌లో సమంగా నీళ్లు కలిపి, మైక్రోఫైబర్ గుడ్డను అందులో తడిపి మరక మీద ఒక నిమిషం పరిచాను. రూఫ్ మీద చాలా మరకలు అలాగే పోయాయి. బోనెట్ మధ్యలో కొన్ని వలయాలు మాత్రం కదల్లేదు, వేలితో తడిమితే అంచు తెలుస్తోంది. అవి కొరికిన మరకలు. వెనిగర్‌ను ఆరనివ్వకుండా, ఎక్కడా మిగలకుండా నీళ్లతో బాగా కడిగేయాలి.

చివరి కడుగుడు మంజీరా నీళ్లతోనే. పెద్ద మైక్రోఫైబర్ టవల్‌ను పరిచి లాగడమే తప్ప రుద్దడం లేదు.

డిసెంబరు మూడో వారం: పరీక్ష చోటు

బోనెట్ మీద రెండడుగుల చదరానికి టేపు కట్టి, అక్కడే అన్నీ పరీక్షించాను. నియమం ఒక్కటే: అన్నిటికంటే మెత్తటిదానితో మొదలుపెట్టాలి. దాంతో పని జరిగితే గట్టిదాన్ని ముట్టుకోకూడదు.

నా దగ్గరున్నది డ్యుయల్ యాక్షన్ మెషీన్, 15 మిల్లీమీటర్ల ఊపు, 5 అంగుళాల ప్లేటు. ఇది రెండు రకాలుగా కదులుతుంది: చిన్న వలయంలో ఊగుతుంది, దాంతో పాటు తన చుట్టూ తను తిరుగుతుంది. షెడ్లలో వాడే రోటరీ ఒకే అక్షం మీద గిర్రున తిరుగుతుంది. అది వేగంగా కోస్తుంది, అంతే వేగంగా వేడెక్కిస్తుంది. అనుభవం ఉన్న చెయ్యి రోటరీతో అద్భుతాలు చేస్తుంది. చెయ్యి తిరగని వాళ్లకు డ్యుయల్ యాక్షనే భద్రం. గట్టిగా నొక్కితే తిరగడం ఆగిపోయి ఊగడం మాత్రమే మిగులుతుంది, అప్పుడు కోత పడిపోతుంది. ప్లేటు అంచున మార్కర్‌తో నిలువు గీత గీసి పెట్టుకున్నాను, తిరుగుతోందో లేదో ఆ గీతే చెబుతుంది.

మెత్తటి ఫోమ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్: నలుపు లోతు పెరిగింది, గీతలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. మధ్యరకం ఫోమ్ ప్యాడ్, మెంజెర్నా కంపెనీ మీడియం కట్ (మధ్యరకంగా కోసే) పాలిష్: మూడొంతుల గీతలు పోయాయి. మైక్రోఫైబర్ కటింగ్ ప్యాడ్, హెవీ కట్ (గట్టిగా కోసే) పాలిష్: ఇంకొన్ని పోయాయి, కానీ పొగ కమ్మినట్టు మసక మిగిలింది, దాన్ని తీయడానికి మళ్లీ రెండో రౌండ్ కావాలి.

ప్రతి పరీక్ష తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను నీళ్లలో పల్చగా కలిపి తుడిచి, టార్చి వేసి చూశాను. ఇది తప్పనిసరి. పాలిష్‌లో ఉండే నూనెలు గీతల్లో నిండి, గీత పోయిందన్న భ్రమ కలిగిస్తాయి. చవకగా "పాలిష్ కొట్టిస్తాం" అనే చోట్ల బండి ఆ సాయంత్రం మెరిసి, నాలుగు వాష్‌ల తర్వాత పాత రూపానికే వచ్చేదీ చాలావరకు ఇందుకే.

మధ్యరకం దగ్గరే ఆగాను. మిగిలిన గీతల్లో కొన్ని గోటికి తగులుతున్నాయి. గోటికి తగిలే గీతను పూర్తిగా తీయాలంటే చుట్టూ ఉన్న క్లియర్ అంతా ఆ గీత అడుగు దాకా దిగాలి. 100 మైక్రాన్ల బోనెట్ మీద ఆ పని చేయను. నాలుగడుగుల దూరం నుంచి ఎవరికీ కనిపించని గీత కోసం బండి ఆయుష్షు తగ్గించడం దండగ.

క్రిస్మస్ సెలవులు: మెషీన్ పని

లైట్లు, రబ్బరు బీడింగులు, డోర్ హ్యాండిళ్ల చుట్టూ, ప్యానెళ్ల అంచుల మీద టేపు. డిసెంబరు చల్లదనం ఈ పనికి వరం, ఏప్రిల్‌లో అయితే పాలిష్ రేకు మీద పెట్టగానే ఆరిపోయి దుమ్ము లేస్తుంది.

ఒక్కో ప్యానెల్‌ను చిన్న చదరాలుగా చేసుకుని, ప్యాడ్ మీద శనగగింజంత చుక్కలు నాలుగు, ముందు తక్కువ వేగంతో పూసి తర్వాత వేగం పెంచడం. ఒక వరుస మీద సగం కలిసేలా రెండో వరుస, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. చెయ్యి కదిలేది చాలా నెమ్మదిగా. చూసేవాళ్లకు విసుగొస్తుంది, పని జరిగేది ఆ నెమ్మదిలోనే. ఒక చదరం అయ్యాక ప్యాడ్‌ను బ్రష్‌తో దులపాలి, లేకపోతే తీసిన పెయింట్ పొడి, ఎండిన పాలిష్ కలిసి కొత్త గీతలు పెడతాయి. అరచేతి వెనక భాగంతో రేకు వేడి చూస్తూ ఉండాలి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి ఆనించలేకపోతే ఆగాల్సిందే.

బంపర్ల దగ్గర ఇంకా జాగ్రత్త. రేకు వేడిని పక్కలకు పంచుతుంది, ప్లాస్టిక్ పంచదు. వేడంతా ఉన్నచోటే నిలిచి పెయింట్‌ను మెత్తబరుస్తుంది. వేగం తగ్గించి, రెండు వరుసలతో సరిపెట్టాను.

పెయింట్ వేయించిన వెనక డోర్ అస్సలు మిగతావాటిలా లేదు. షెడ్డులో వేసే క్లియర్ తరచుగా కంపెనీ క్లియర్ కంటే మెత్తగా ఉంటుంది. మధ్యరకం ప్యాడ్ అక్కడ సన్నటి మసక మిగిల్చింది. మెత్తటి ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్‌తో అది శుభ్రంగా తీరిపోయింది. దీన్ని బట్టే ఒక బండికి ఒకే మందు అనుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

మిగతా బండికీ చివరగా ఫినిషింగ్ పాలిష్ ఒక రౌండ్ వేశాను. గేజ్ మళ్లీ పెడితే బోనెట్ మీద ముందటి అంకెలకూ ఇప్పటికీ తేడా ఒకటి రెండు మైక్రాన్లు, అది గేజ్ పొరపాటు పరిధిలోనే ఉంది. నాకు కావాల్సింది అదే. బోనెట్ మధ్యలోని నీటి వలయాల్లో రెండు లీలగా ఉండిపోయాయి, వాటిని అలాగే వదిలేశాను.

సాయంత్రం బండిని బయటికి తీస్తే ఎదురింటి బాల్కనీలోని తులసికోట, ఆరేసిన చీర అంచు, పైన కరెంటు తీగలు బోనెట్‌లో స్పష్టంగా కనిపించాయి. ఇంతకుముందు అక్కడ కనిపించింది ఒక బూడిదరంగు తెర మాత్రమే.

ఏ రక్ష వేయాలి?

మూడు దారులున్నాయి. కార్నూబా మైనం బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. నల్లరంగు మీద దాని నిగారింపు నాకు చాలా ఇష్టం, కానీ మన ఎండకు నెలల లెక్కే. సింథటిక్ సీలెంట్, అంటే మైనం బదులు వాడే కృత్రిమ పూత, ఇంకాస్త నిలుస్తుంది. సిరామిక్ కోటింగ్, అంటే పూశాక ఆరి గట్టిపడే ద్రవం, సరిగ్గా వేస్తే, సరిగ్గా కడిగితే సంవత్సరాల లెక్క.

సిరామిక్ తీసుకున్నాను. అయితే దాని గురించి జరిగే ప్రచారంలో ఒక అంకె జనాన్ని బాగా తప్పుదారి పట్టిస్తోంది. సీసా మీద ఉండే 9హెచ్ అన్నది పెన్సిల్ గీత పరీక్ష కొలత, ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు కాదు. 9హెచ్ పెన్సిల్‌కు గీత పడకపోతే క్వార్ట్జ్ ఇసుకకూ పడదని కాదు. కోటింగ్ ఆరాక మిగిలే పొర చాలా పల్చనిది, మైక్రాన్ల లెక్కలోనే ఉంటుంది. అది రాయి దెబ్బను ఆపదు, ఇసుక గుడ్డను ఆపదు. మురికి గట్టిగా పట్టుకోకుండా చేస్తుంది, కడగడం తేలిక చేస్తుంది, రసాయనాల కాటును కొంత ఆపుతుంది. రాయి దెబ్బను ఆపాలంటే 150 నుంచి 200 మైక్రాన్ల పాలీయురిథేన్ ఫిల్మ్ వేయించాలి, దాని ఖర్చు వేరే లెక్క.

ఇంకోటి. కోటింగ్ మీద నీళ్లు ముత్యాల్లా నిలబడతాయని మురిసిపోతాం. బోరు నీళ్లయితే ఆ ముత్యాలే ఆరి మరకలవుతాయి. కాబట్టి కోటింగ్ ఉన్న బండిని ఆరబెట్టడంలో ఇంకా ఎక్కువ శ్రద్ధ కావాలి.

జనవరి మొదటి ఆదివారం: కోటింగ్

ముందురోజు మళ్లీ కడిగి, ప్యానెల్ ప్యానెల్‌కు ఆల్కహాల్ నీళ్లతో తుడిచాను. సెల్లార్ నేల తడిపి దుమ్ము అణచాను. చేతికి గ్లోవ్స్, మూతికి మాస్క్, గాలి ఆడేలా షట్టర్ పైకి.

30 మిల్లీలీటర్ల సీసా, ఫోమ్ దిమ్మకు చుట్టిన మెత్తటి స్వెడ్ గుడ్డ. చుక్కలు వేసి నిలువుగా, అడ్డంగా పల్చగా పూయాలి. కొద్దిసేపటికి ఇంద్రధనుస్సు రంగులు తేలుతాయి, అప్పుడు పొట్టి పీచు మైక్రోఫైబర్‌తో ఒకసారి, శుభ్రమైన రెండో గుడ్డతో ఇంకోసారి తుడవాలి. మిగిలిపోయిన మందం మచ్చను వెంటనే చూసి తీయాలి, ఆరితే పాలిష్ తప్ప వేరే దారి లేదు. టార్చిని ఏటవాలుగా పట్టి, ప్రతి ప్యానెల్‌నూ రెండు వైపుల నుంచి చూశాను. రూఫ్ మధ్యలో ఒక నల్లటి చార దొరికింది, పచ్చిగా ఉండగానే పోయింది. వాడిన గుడ్డలు ఆరితే గట్టిపడి గీరుతాయి, వాటిని బండి దరిదాపుల్లో ఉంచకూడదు.

ఒక రోజంతా తడి తగలనివ్వలేదు. వారం దాకా షాంపూ లేదు.

జనవరి చివర: కడిగే పద్ధతి మార్పు

మా వాచ్‌మన్‌తో కూర్చుని మాట్లాడాను. "రోజూ తుడవొద్దన్నా, వారానికి ఒక్కసారి కడుగుదాం, డబ్బులు అవే ఇస్తా," అంటే ముందు నమ్మలేదు. నా రెండు బకెట్లు, గ్లోవ్, టవల్ సెల్లార్ అలమారాలో పెట్టి తాళంచెవి ఆయనకే ఇచ్చాను. మొదటి రెండు వారాలు కలిసి కడిగాం. ఇప్పుడు నీళ్లు పైనుంచి ధారగా వదిలి దుమ్ము దింపాకే గ్లోవ్ పెడుతున్నాడు. చివర్లో రెండు బిందెల మంజీరా నీళ్లు.

బండి కానుగ చెట్టు కింద ఆపడం మానేశాం. ఎండకాలం ముందు దాని మీద చేరే పురుగుల తీపి జిగురు అద్దాల మీద, రూఫ్ మీద కారి ఇసుకను పట్టుకుంటుంది. పక్షి రెట్ట పడితే మాత్రం వారం దాకా ఆగకూడదు. డిక్కీలో ఒక చిన్న స్ప్రే సీసా, రెండు గుడ్డలు ఉంచాను. రెట్ట మీద నీళ్లు చల్లి, నాని మెత్తబడ్డాక ఎత్తేయాలి, గీకకూడదు.

మిగిలిన పని: ముందు బోనెట్ అంచున రాళ్లు తగిలి లేచిన చుక్కలు. బండి ప్లేటు మీద ఉండే కలర్ కోడ్ రాసుకున్నాను. టచప్ పెయింట్ తెప్పించి, అగ్గిపుల్ల మొనతో ఒక్కో చుక్కా నింపాలి, లోపల ప్రైమర్ దాటి రేకు కనిపిస్తున్నవి ముందు, వానలు మొదలయ్యేలోపే.